చోటే మియా పంటి తొడుగు

చోటే మియా రాత్రిపూట పళ్ళకు పెట్టుకునే తొడుగు ఒంట్లోని కామెర్లను లాగేస్తుందని వనపర్తి బజారంతా నమ్మింది. సాక్ష్యం కళ్ళ ముందే ఉంది: అద్దంలా స్వచ్ఛంగా ఇంటికొచ్చిన తొడుగు నెల తిరక్కుండానే పచ్చబడింది.

ఆయనకు పసుపు, కారం పట్టే గిర్ని ఉంది. పగలు గిర్ని ఆడేది, రాత్రి ఆయన పళ్ళు ఆడేవి. నిద్రలో ఆయన పళ్ళు నూరే ఆ కరకరకు నిద్ర కరువైన భార్య ఇష్రత్ ఆయనను పళ్ళ డాక్టరు శ్వేత దగ్గరికి తీసుకుపోయింది. శ్వేత అక్రిలిక్‌తో తొడుగు చేయించి, "ఇది మీ పళ్ళ కన్న మెత్తన. అరిగితే ఇది అరుగుతది, మీ పళ్ళు నిలుస్తయి" అని చెప్పింది. మియా విన్నది అంతవరకే. తొడుగు పచ్చబడగానే మిగతా వైద్యం తానే కల్పించి, గిర్నికి వచ్చినవాళ్ళకు ఉచితంగా పంచిపెట్టాడు.

ఒకనాడు వీపనగండ్ల నుంచి పాత దోస్తు సాయన్న వచ్చాడు. కళ్ళు పచ్చబడ్డాయి, అన్నం సహించడం లేదు.

"దవాఖానకు పోతే సూదులు గుచ్చుతరు మియా. నీ తొడుగు జర కొన్ని రోజులు ఇయ్యి."

"నా నోటి అచ్చు నీ నోటికి పడుతదా?"

"పడకుంటే దారం కట్టుకుంట."

"తీస్కపో. దోస్తు పానం కన్న ఎక్కువనా," అన్నాడు మియా, జాగీరు రాసిచ్చినంత దర్జాగా.

ఈ తొడుగును నమ్ముకుని కూర్చుంటే మనిషి దక్కడనుకుంది ఇష్రత్. "కడిగి రేపు పొద్దున ఇస్త అన్నా, ఈ పూట ఈడనే ఉండు" అని చెప్పి, తొడుగును కొంగున కట్టుకుని డాక్టరు దగ్గరికి నడిచింది.

శ్వేత భూతద్దం పెట్టి చూసింది. "దీన్ని దేంతోని తోముతున్నరమ్మా?"

"బూడిదతోని. ఇత్తడి చెంబులు గట్లనే తోముత, తళతళ మెరుస్తయి."

"చెంబు మెరుస్తది. దీనికేమో ఒళ్ళంత గీతలు పడ్డయి. నున్నగ ఉంటే రంగు గింత తొందరగ పట్టకపోవు."

మియా పడుకునే ముందు రోజూ పసుపు పాలు తాగుతాడని విని శ్వేత నవ్వింది. ఇష్రత్ నవ్వలేదు. నోటిమాటకు లొంగే మొగుడు కాడని ఆమెకు తెలుసు. మెరుగుపెట్టిన అక్రిలిక్ ముక్కలు రెండు అడిగి తెచ్చుకుంది.

మరునాడు చాయ్‌తో పాటు ఒక పచ్చటి ముక్కను సాసరులో పెట్టి మియా ముందుంచింది. "జర చూడుండ్రి. ఈ ముక్కల కామెర్లు ఏపాటి ఉన్నయి?"

మియా దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి కళ్ళు చికిలించాడు. "బాగ ముదిరినయి. లివర్ దాక పోయినయి. ఈ మనిషి దక్కుడు కష్టం."

సాయన్న కప్పు కింద పెట్టేశాడు. "ఎవరిది భాభీ? మా దిక్కోనిదా?"

"మా వంటింట్లనే ఉంటడు," అంటూ ఇష్రత్ లోపలికి వెళ్ళి పసుపు నీళ్ళ గ్లాసు తెచ్చింది. అందులోంచి రెండో ముక్కను తీసి తుడిచింది. దానికి రంగు అంటీ అంటనట్టుంది. "నిన్నటి సంది రెండూ గీ పసుపు నీళ్ళల్లనే నానినయి. గా పచ్చదాన్ని బూడిదతోని తోమిన, దీన్ని తోమలే. గంతే ఫరక్."

మియా గ్లాసు వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు, గిర్నికి ఆలస్యమవుతున్నదని లేచాడు. సాయన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"గిర్ని తర్వాత. ముందు ఆటో పిలువు, దవాఖానకు పోదాం."

మియా కామెర్లు ముదిరాయని తేల్చిన ఆ ముక్క ఏ మనిషి నోట్లోకీ పోలేదు.