చలికి మొరాయించే కారు

బోధన్‌లో నా షెడ్డుకు వచ్చే బండ్లలో నా ఒళ్లు మండించేది బాపురావు పాత పెట్రోలు కారు ఒక్కటే. వాళ్ల ఊరు చందూర్‌లో ఇంటి ముందు, చలికాలం పొద్దున ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాదు. ఎండెక్కాక నా దగ్గరికి తెస్తే మాత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. బ్యాటరీ మార్చాను, ప్లగ్గులు మార్చాను, కార్బొరేటర్ విప్పి కడిగాను. లాభం లేదు. నా పనితనం మీద నాకే అనుమానమొచ్చింది.

నా పరువొక్కటే అయితే సరిపోయేది. పోయిన చలికాలం బాపురావు భార్య రేణుకమ్మకు తెల్లవారుజామున నొప్పులొచ్చాయి. కారు గంటసేపు కదల్లేదు. ఆస్పత్రి చేరేలోపే కడుపులో బిడ్డ పోయాడు. ఇప్పుడామెకు మళ్లీ నెలలు నిండాయి.

"హన్మండ్లన్నా, గీ పారి గట్ల కావొద్దే," అన్నాడు బాపురావు.

"రేపు పొద్దుగాల నేనే మీ ఇంటికొస్త. అప్పటిదాంక నువ్వు సెల్ఫ్ కొట్టకు," అన్నాను.

తెల్లారేసరికి మోటార్‌సైకిల్ మీద చందూర్ చేరాను. వేళ్లు కొంకర్లు పోయాయి. బాపురావు తల్లి భూమవ్వ అప్పటికే వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లి, కారును కడుగుతోంది. ఎడ్లను కడిగినంత శ్రద్ధగా కడుగుతోంది. నేను చూస్తుండగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద రెండు చెంబులు గుమ్మరించింది. తర్వాత లోపలున్న నల్ల మూతకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకుంది.

ప్లగ్గులకు కరెంటు పోయేది ఆ మూతలోంచే. ఎండాకాలం తడి ఇట్టే ఆరిపోతుంది, చలికి ఆరదు. షెడ్డులో ఎన్నిసార్లో ఆ పసుపు మరకను గుడ్డతో తుడిచాను. ఎక్కడిదని ఒక్కసారీ అడగలేదు. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

మూత విప్పి లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, భూమవ్వ దగ్గర తాళం తీసుకుని సెల్ఫ్ కొట్టాను. వెంటనే అందుకుంది. చప్పుడుకు బాపురావు బయటికి ఉరికొచ్చాడు.

"అవ్వా, ఇంజన్ మీద నీళ్లు పొయ్యొద్దు. గీ మూత తడిస్తే బండి లేవది," అన్నాను సంబరంగా.

భూమవ్వ చేతిలో చెంబు కింద పెట్టింది. "కోడలు సల్లగుండాలని రోజు కడుగుత కొడుకా. పోయినేడు నొప్పులొచ్చిన పొద్దు గూడ, బండి తీస్తరని ముందుగాల నీళ్లు పోసి మొక్కిన." కాసేపు కారును చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. "అయితే బిడ్డను నేనే సంపుకున్ననా?"

బండి సంగతిలో నేను అబద్ధమాడను. ఆడినవాళ్ల మీద పానా విసిరిన రోజులున్నాయి. కానీ ఆ ముసలామె బానెట్ పట్టుకుని నిలబడలేక నిలబడింది.

"కాదవ్వా," అన్నాను. "అప్పటి తప్పు నాది. గా వారమే బండి నా దగ్గరికి సర్వీసింగుకొచ్చింది గద. బ్యాటరీ వైరు సక్కగ బిగియ్యలే. భయపడి ఇన్నొద్దులు చెప్పలే."

బాపురావు నా వైపు చూశాడు. నా చేతిలోంచి తాళం గుంజుకున్నాడు.

పదిరోజులకు రేణుకమ్మకు ఆడపిల్ల పుట్టిందని ఎవరో చెబితే విన్నాను. బాపురావు కారు మళ్లీ నా షెడ్డుకు రాలేదు. ఒకనాడు బోధన్ అంగట్లో భూమవ్వ ఎదురుపడి, మనవణ్ణి పొట్టన పెట్టుకున్నావని నలుగురి ముందు నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తలవంచుకుని విన్నాను. ఆమె గొంతు గట్టిగా ఉంది. నా ప్రాణం కుదుటపడింది.