తిరుగు పడవ

గుమ్మంలోనే ఆమె అతన్ని గుర్తుపట్టింది. అన్నయ్య పాత ఫొటోలన్నిట్లో పక్కనున్న మొహమే. అతను మాత్రం ఆమెను పోల్చుకోలేదు. ఆసుపత్రికి ఒక్కసారైనా వచ్చుంటేగా!

అడవి యాత్రలు ఏర్పాటుచేసే ఆ ఆఫీసులో దారులు చూడటం, పడవలు మాట్లాడటం ఆమె పని. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, గోడమీది పటంలో ద్వీపకల్పం కొసన వేలు పెట్టాడు.

"ఇక్కడికి. ఈసారి ఒంటరిగా. వీడియో తీస్తాను."

"ఈసారంటే, ఇదివరకు వెళ్ళారా?"

"వెళ్ళాం. నాతో వచ్చినవాడు కాలు విరగ్గొట్టుకుని అంతా పాడుచేశాడు లెండి."

ఆ వచ్చినవాడు ఆమె అన్నయ్య. మూడు పక్కలా సముద్రం, నాలుగో పక్క దాటరాని చిత్తడి. నిత్యం వాన కురిసే, ఫోన్లు పనిచేయని ఆ అడవిలోంచి బయటపడాలంటే పడవే దిక్కు. అన్నయ్యను మోసుకొచ్చేసరికి పోటు తగ్గి పడవ కదలదని, "వెంటనే పడవ తిప్పి పంపిస్తాన్రా" అని అడవిలోని గుడిసెలో వదిలేసి ఇతను వచ్చేశాడు. పంపలేదు. చేపలవాళ్ళ కంటపడేసరికి అన్నయ్య కాలు కుళ్ళిపోయింది. మోకాలి పైకి తీసేశారు.

ఆమె మొహాన నవ్వు చెరగనివ్వలేదు. వాగులు ఎక్కడ దాటాలో, జలగలు పట్టకుండా ఏం తొడుక్కోవాలో, గుడారం ఎంత ఎత్తున వేయాలో ఓపిగ్గా చెప్పింది. తిండి, మందులు అవసరానికి మించే కట్టించింది. చస్తే ఏం లాభం? వాడు బతికుండాలి. ఒడ్డున కూర్చుని సముద్రంకేసి చూడాలి.

"మరి తిరుగు పడవ?"

"నేను పంపిస్తాగా," అంది.

చెప్పిన రోజు వచ్చింది. ఆమె పడవవాడికి ఫోన్ చేయలేదు. మర్నాడూ చేయలేదు. గుడారానికీ ఒడ్డుకీ వాడు కాళ్ళరిగేలా తిరుగుతూ ఉంటాడని తలుచుకుంటూ టీ తాగింది. ఆఫీసు టీ ఎప్పుడూ అంత రుచిగా అనిపించలేదు.

భోజనాల దగ్గర ఇక దాచుకోలేక అన్నయ్యకు చెప్పేసింది. అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"వాడికి తిండి ఉందా?"

"బోలెడు."

"నాకు లేదు." ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "పిచ్చుకా, నువ్వింత గట్టిపిండమని తెలిస్తే చిన్నప్పుడు నీ జడ లాగేవాణ్ణి కాదే."

"ఇంకొన్నాళ్ళు ఉంచుదామా?"

అతను కంచం పక్కకు జరిపాడు. "వద్దు. కానీ పడవలో నేనూ వెళ్తాను."

ఇద్దరూ వెళ్ళారు. పడవ కనబడగానే వాడు నడుంలోతు నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చాడు. బొంగురుపోయిన గొంతుతో తిట్లు లంకించుకున్నాడు. పడవ అంచు పట్టుకుని తలెత్తితే, ఎదురుగా చంకకర్రలు. వాటి వెనక అన్నయ్య. తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

"ఎలా ఉందిరా, ఎదురుచూడటం?"

"నేను... పడవ పంపమని చెప్పాన్రా. వాళ్ళే..."

"ఎవరికి చెప్పావు? ఆ రోజు నిన్ను తీసుకెళ్ళింది తనేనని ఇతను దారిలో చెప్పాడు."

పడవవాడు నీళ్ళలో ఉమ్మేశాడు. "నాతోనా? గుడిసెలో ఇంకెవరూ లేరని చెప్పారు తమరు."

వాడు తల దించేసుకున్నాడు. ఆమెకు ఆ చేతిని అంచుమీంచి ఊడబెరికి పడవ వెనక్కి తిప్పాలనిపించింది. తెడ్డు వైపు చూసింది కూడా.

"ఎక్కు," అన్నాడు అన్నయ్య వాడితో.

ఊరు చేరేదాకా వాడు తల ఎత్తలేదు. దిగాక మాత్రం వాడికి నోరొచ్చింది. తిన్నగా వెళ్ళి యజమానికి ఫిర్యాదు చేశాడు. యజమాని ఆమెను పిలిచి, మంచి మనిషి కాబట్టి, ఓ దారి చూపించాడు.

"పొరపాటున మరిచిపోయానని ఒక్కమాట అనమ్మా. నేను సర్దుకుంటాను."

"మరిచిపోలేదండీ. కావాలనే పంపలేదు. మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను."

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఉద్యోగం పోయినందుకో, చేసిన పనికో మనసు బాధపడుతుందేమోనని దారి పొడుగునా చూసుకుంది. బాధ రాలేదు. ఆకలి వేసింది.