దిమ్మెల వెనక పెట్టె

లియోపోల్డో తెప్లిత్స్కీని విల్లా క్రెస్పో పేటలో అందరూ పోలో అనే పిలుస్తారు. డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. బ్యూనస్ ఐరిస్ నగరమంతా తిరిగి నలభై ఏళ్ళపాటు లిఫ్టులు బాగుచేసి, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడతనికి రోజుకి మూడే పనులు. పొద్దున్నే వార్తలు చూసి బెంగపడటం, భోజనమయ్యాక పాత రేడియోలు విప్పి బాగుచేయడం, నాలుగింటికి టీవీలో టర్కీ సీరియల్ చూడటం. ఈ మూడోది తన భార్య సీమా కోసమని చెప్పుకుంటాడు. సీమా ఆ వేళకి వంటింట్లో కూర్చుని పేపర్లో పదకేళి నింపుకుంటూ ఉంటుంది.

బెంగ అంటే మామూలు బెంగ కాదు. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధమన్నా, ఏ ఊళ్ళోనో యూదుల శ్మశానం గోడ మీద పిచ్చి రాతలన్నా పోలో చేతిలో మాతె కషాయం చల్లారిపోతుంది. వెంటనే తమ ప్రార్థనామందిరం సినగాగ్‌కి ఫోన్ చేసి, గేటు దగ్గర కెమెరా పనిచేస్తోందా అని అడుగుతాడు. కాపలావాడు మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడని కమిటీకి రెండుసార్లు ఉత్తరం రాశాడు. పోయినేడాది నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించేదాకా వాళ్ళని వదల్లేదు. 'ఎవరూ లేకుండా ఏ సంచీ, ఏ పెట్టె గుమ్మం దగ్గర వదలరాదు.' ఆ రాత అతనిదే.

"ముసలోడా, పక్కింటి కుక్క తుమ్మినా నువ్వు కమిటీకి ఫోన్ చేస్తావు" అనేది సీమా.

అనేదే కానీ ఎక్కువ ఎగతాళి చేసేది కాదు. తొంభై నాలుగు జూలైలో పాస్తేర్ వీధిలో యూదుల సంఘం భవనాన్ని బాంబుతో కూల్చి ఎనభై ఐదుమందిని చంపిన రోజున, పోలో అక్కడికి మూడు వీధుల అవతల ఒక లిఫ్టు గుంతలో ఉన్నాడు. గోడలు ఊగాయి. ఇంటికి నడిచొచ్చేసరికి జుట్టు నిండా దుమ్ము. అప్పట్నుంచి అతను ఏ హోటల్లోనూ గుమ్మానికి వీపు పెట్టి కూర్చోలేదు.

రేడియోల పిచ్చి ఆ తర్వాతే పట్టుకుంది. తీగలన్నీ విప్పి, మళ్ళీ అతికి, చచ్చిపోయిన డబ్బాలోంచి గొంతు రప్పించేదాకా తలలోకి ఇంకే ఆలోచనా రాదు. బాగయినవాటిని వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళకి ఇస్తాడు. ఈసారి నాలుగు తయారయ్యాయి. మూడు ఎవరికైనా ఇవ్వచ్చు. నాలుగోది మాత్రం ఫ్రీదా కప్లూన్‌ది. ఆవిడకి తొంభై మూడు. భర్త దర్జీ. ఆయన మిషను పక్కన ముప్ఫై ఏళ్ళు మోగిన చెక్క రేడియో అది. పన్నెండేళ్ళుగా నోరు మూసుకుని పడుంది. దాన్ని బాగుచేయడానికి పోలోకి రెండు నెలలు పట్టింది.

ఆ గురువారం మూడున్నరకి పోలో నాలుగు రేడియోల్నీ మాతె ఆకు వచ్చే ఆకుపచ్చ పట్టీ అట్టపెట్టెలో సర్ది, విడి బ్యాటరీలు పక్కన దూర్చి, నీలం తాడుతో కట్టాడు. సినగాగ్‌లో ఆఫీసు చూసే దోరిత నాలుగున్నరకి వ్యానులో వృద్ధాశ్రమానికి వెళ్తుంది. ఆమెకి అందిస్తే సరిపోతుంది. ఎనిమిది వీధులు. సన్నగా తుంపర. బరువుకి మోకాలు కలుక్కుమంటోంది. గేటు ముందు కార్లు దూసుకురాకుండా పాతిన కాంక్రీటు దిమ్మెల దగ్గర ఆగి బెల్లు నొక్కాడు. పలకలేదు. మళ్ళీ నొక్కాడు. కాపలావాళ్ళు షిఫ్టు మారుతున్నారేమో, లోపలెక్కడో మాటలు వినిపిస్తున్నాయి గానీ ఎవరూ రాలేదు.

చేతి గడియారం చూసుకున్నాడు. నాలుగుకి పది. ఆ రోజు సీరియల్ ఆఖరి భాగం. ఆరు నెలలు చూశాడు. ఆ అమ్మాయి తల్లి ఎవరో ఇవాళ తేలిపోతుంది.

పెట్టెని తడవకుండా దిమ్మె వెనక, గుమ్మం చూరు కింద పెట్టాడు. "దోరితా, పెట్టె గేటు దగ్గరుంది, లోపలికి తీసుకోమ్మా" అని ఫోన్లో వాయిస్ మెసేజ్ పంపాడు. వెళ్ళిందో లేదో చూసుకోలేదు. వెళ్ళలేదు.

ఇంటికొచ్చి తడి బూట్లు విడిచి సోఫాలో కూలబడేసరికి సీరియల్ మొదలైంది. ఇరవై ఐదు నిమిషాలు గడిచాయో లేదో, ఆ అమ్మాయి ఆసుపత్రి తలుపు తోస్తుండగా తెర అంతా ఎర్రబడింది. బ్రేకింగ్ న్యూస్.

"విల్లా క్రెస్పోలో సినగాగ్ ముందు అనుమానాస్పదమైన పెట్టె. చుట్టుపక్కల వీధులు ఖాళీ చేయిస్తున్న పోలీసులు."

పోలో సోఫా అంచుకి జరిగాడు. ఇన్నేళ్ళూ ఏ పొద్దున కళ్ళు తెరిచినా ఇదే మాట వినాల్సొస్తుందని భయపడ్డాడు, ఇవాళ వచ్చేసింది. లోపల బాలబడి ఉంది. నాలుగున్నరదాకా పిల్లలుంటారు. దోరిత ఉంటుంది. "సీమా!" అని అరిచాడు. ఫోన్ తీసి దోరితకి కొట్టాడు. కలవలేదు. మళ్ళీ కొట్టాడు.

టీవీలో పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరసగా వీధి దాటుతున్నారు. టీచరమ్మ చేతులు చాపి వాళ్ళని దాదాపు తోస్తోంది. పోలో పెదాలు కదుపుతూ లెక్కపెట్టబోయాడు. కెమెరా పక్కకి తిరిగింది. దూరం నుంచి, మసకగా, దిమ్మెల వెనక ఒక అట్టపెట్టె. కెమెరా దగ్గరికి లాగింది. ఆకుపచ్చ పట్టీ. నీలం తాడు.

సీమా వంటింట్లోంచి పెన్సిలు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడింది.

"పోలో, అది మన బట్టలారేసే తాడు కదా?"

పోలో ఫోన్ని సోఫా మీద బోర్లా పెట్టాడు.

"పోలో!"

"అలాంటి తాళ్ళు ఊరంతా ఉంటాయి."

"ఆ ముడి కూడా ఊరంతా వేస్తారా? నేను విప్పలేక కత్తెరతో కోసే ముడి కాదూ అది?"

తెర మీద అడ్డంగా అక్షరాలు పరిగెడుతున్నాయి. పెట్టెలో తీగలు, బ్యాటరీలు ఉన్నట్టు ఎక్స్‌రేలో కనబడిందట. ఉంటాయి. ఎందుకుండవు? ఒక్కొక్కటీ తన చేత్తో అతికినవే.

"దాని మీద నా పేరు లేదు" అన్నాడు పోలో, నేల చూపులు చూస్తూ.

సీమా వంగి అతని తడి బూట్లు తెచ్చి ముందు పెట్టింది.

"పిల్లల తల్లులు టీవీ చూస్తూ ఉంటారు. తొడుక్కో."

ఇద్దరూ బయల్దేరారు. ఆ ఎనిమిది వీధులూ పోలోకి ఎనభై అయ్యాయి. బస్సులు ఆపేశారు. జనం ఎదురొస్తున్నారు. ఒకావిడ ఏడుస్తూ ఫోన్లో ఎవరికో "బయటికి తీసుకొచ్చేశారట, తీసుకొచ్చేశారట" అంటోంది. పోలో తలొంచుకుని నడిచాడు. నేనే చేశానని ఆవిడకి చెప్పాలనిపించింది. చెప్పలేదు. సీమా అతని మోచేయి వదల్లేదు.

పసుపు పట్టీ దగ్గర కానిస్టేబులు ఆపాడు. "వెనక్కెళ్ళండి, తాతా."

"ఆ పెట్టె నాది."

"ఏంటీ?"

"పెట్టె. నాదే. అందులో రేడియోలున్నాయి."

కానిస్టేబులు అతన్ని పైనుంచి కిందకి చూశాడు. మతి చలించిన ముసలాయన అనుకున్నట్టున్నాడు. సీమా ముందుకి తోసుకొచ్చింది. "మా ఆయన లక్ష తప్పులు చేస్తాడు బాబూ, కానీ అబద్ధం చెప్పడు. మీ పైవాళ్ళని పిలువు."

వచ్చినావిడ పేరు విల్యాల్బా. బాంబు స్క్వాడ్‌కి పెద్ద ఆవిడే. నలభై దాటి ఉంటాయి, తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. పోలో చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది. ఎన్ని రేడియోలు, ఏ బ్యాటరీలు, ఏ మూల ఏది పెట్టాడు అని అడిగింది. అతను తడుముకోకుండా చెప్పాడు. చేతిలోని ఎక్స్‌రే బొమ్మతో ఆవిడ అన్నీ పోల్చుకుంది. మొహం కొంచెం తేలికపడింది.

"సరిపోయింది, సెన్యోర్. ఇంకొక్క ప్రశ్న. మీరు పెట్టె పెట్టి వెళ్ళింది నాలుగుకి పది. కాపలావాడు చూసింది నాలుగూ ఐదుకి. ఆ మధ్య పావుగంటలో దాన్నెవరూ ముట్టుకోలేదని, అందులో ఇంకేమీ పెట్టలేదని మీరు ఖాయంగా చెప్పగలరా?"

"కెమెరా ఉంది కదా?" అన్నాడు పోలో ఆశగా.

"ఆ మూల కెమెరాకి అందదు. దిమ్మె అడ్డం."

అవునంటే చాలు. ఆవిడ కూడా ఆ మాటే వినాలని ఉన్నట్టు చూస్తోంది. ఒకతను వెళ్ళి తాడు కోసి, ఫ్రీదా రేడియోని పదిలంగా బయటికి తీస్తాడు. పోలోకి తెలుసు, ఆ తుంపరలో అట్టపెట్టెని ఎవడు పట్టించుకుంటాడు? నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఎవడూ పట్టించుకోడు. కానీ తాడు కోసేది ఎవరో అని అటు చూశాడు. లావుపాటి కవచం తొడుక్కుంటూ ఒక మనిషి, మెడ దగ్గర పట్టీ బిగించమని పక్కవాడికి గడ్డం ఎత్తి చూపిస్తున్నాడు.

"చెప్పలేను" అన్నాడు పోలో. "నేను అక్కడ లేను. సీరియల్ చూడ్డానికెళ్ళాను."

విల్యాల్బా తలూపింది. "అయితే పేల్చాల్సిందే."

"పేల్చండి."

జనాన్ని ఇంకో వీధి వెనక్కి జరిపారు. చిన్న చక్రాల బండి ఒకటి గీరుకుంటూ పెట్టె దాకా వెళ్ళింది. నీళ్ళని తూటాలా కొట్టే యంత్రమట. పోలో చెవులు మూసుకోలేదు. సీమా అతని మొహాన్ని తన భుజం మీదకి లాక్కుంది. ధడ్! అంతే. గోడలేమీ ఊగలేదు. పావురాలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలాయి. పోలో ఒళ్ళు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉంది.

అందులో రేడియోలు తప్ప ఇంకేమీ లేవు.

ఆ తర్వాతది ఇంకా కష్టమైంది. దోరిత పరిగెత్తుకొచ్చి, "దోన్ లియోపోల్డో, ఆ నోటీసు రాసింది మీరే కదండీ!" అంది. తిట్టాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. పిల్లలంతా మూల మీది బేకరీలో ఉన్నారు, తీపి రొట్టెలు తింటూ హాయిగానే ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు అలా లేరు. ఒక తండ్రి పోలో ఎదురుగా వచ్చి, "నేను కారు నడుపుతూ రేడియోలో విన్నాను, తెలుసా మీకు? చేతులు పనిచేయలేదు. రోడ్డు మధ్యలో బండి ఆపేశాను" అని అరిచాడు. పోలో అంతా విన్నాడు. తప్పయిపోయింది అన్నాడు. ఆ తండ్రి ఇంకా ఏదో అనబోయి, పోలో చేతులు చూసి ఆగిపోయాడు. పోలీసులు వాంగ్మూలం రాసుకుని, గట్టిగా మందలించి వదిలేశారు. టీవీవాళ్ళు మైకు పట్టుకుని వస్తే సీమా అడ్డం నిలబడి, "ఆయనకి చెవుడు" అని చెప్పేసింది.

మూడు రోజులు పోలో గడప దాటలేదు. టీవీ పెట్టలేదు. పనిబల్ల మీద గుడ్డ కప్పేశాడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. ఆదివారం భోజనాలయ్యాక సీమా అతని కోటు తెచ్చి భుజాల మీద వేసింది.

"ఫ్రీదాకి ఇంకొకళ్ళు చెప్పేలోపు నువ్వే చెప్పు. నేను రాను. నేనొస్తే నన్ను మాట్లాడనిస్తావు."

వృద్ధాశ్రమంలో ఫ్రీదా కిటికీ దగ్గర కుర్చీలో, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చునుంది. పోలో ఎదురుగా స్టూలు లాక్కున్నాడు. చెప్పేశాడు. సీరియల్‌తో సహా.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత, "ఇక్కడ అందరం టీవీలో చూశాం. అది పేలినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. నా రేడియో అని నాకేం తెలుసు?" అంది.

పోలో తలొంచుకున్నాడు.

"పాడిందా?"

"పాడింది, దోన్యా ఫ్రీదా. మంగళవారం మధ్యాహ్నమంతా పాడింది. కొంచెం గరగర ఉంది, అంతే."

"నువ్వు విన్నావు. నేను వినలేదు."

ఆవిడ దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చుంది.

"ఆ పోలీసమ్మాయి అడిగినప్పుడు, ఖాయం అనుంటే నా రేడియో నాకొచ్చేది?"

"వచ్చేదే అనుకుంటా."

"మరెందుకు అనలేదు?"

"ఖాయం కాదు కాబట్టి."

ఫ్రీదా అతని మొహంలోకి పరకాయించి చూసింది. "మా ఆయనైతే అనేసేవాడు. ఆయనకి అన్నీ ఖాయమే. పెళ్ళికొడుకు చెయ్యి పొడుగు కొలవకుండానే కోటు కుట్టేవాడు." ఆవిడ ముక్కుతో ఓ శబ్దం చేసింది. అది నవ్వో కాదో పోలోకి అర్థం కాలేదు. "సరే, మంగళవారం ఏమేం పాడింది? అదైనా చెప్పు."

పోలో గుర్తు తెచ్చుకుని చెప్పాడు. రెండు టాంగోలు, ఒక వాల్జు, మధ్యలో వాతావరణం. ఆ వాల్జు ఏదో ఆవిడకి అంతుచిక్కలేదు. ఎలా ఉంటుందో పాడమంది. నాకు పాట రాదన్నాడు. రేడియో పేల్చడం వచ్చు కదా, ఇదీ వస్తుందిలే అంది. అతను గొంతు సవరించుకుని కూనిరాగం తీశాడు. "పైకి, పైకి వెళ్ళాలక్కడ" అని ఆవిడ వేలితో గాల్లో చూపించింది. అతను పైకి వెళ్ళబోయాడు.

నడవాలో ఏదో ఢామ్మంది. పోలో స్టూలు మీంచి సగం లేచిపోయాడు. చూపు గుమ్మానికి అంటుకుపోయింది.

ఫ్రీదా అతని కోటు చెయ్యి పట్టుకుని కిందకి లాగింది.

"పళ్ళేలు. ఆ వంటావిడ రోజూ పడేస్తుంది. కూర్చో. పైకి వెళ్ళాలన్నానా, అక్కణ్ణించి పాడు."