కత్తి వాల్చి పట్టు

లారీ డ్రైవరు ఎడమ చెంప అయింది. కుడి చెంప మీద నురగ ఆరిపోతోంది. నత్త మాత్రం కత్తి గాలిలో పట్టుకుని, అద్దానికి ఆనించిన ఫోన్‌లోకి చూస్తున్నాడు.

సెలూన్ పెట్టిన కొత్తలోనే వీధి ఆయనకు ఆ పేరు పెట్టింది. ఆయన గడ్డం గీయడం ముగించేలోగా, మొదలుపెట్టిన వైపు మళ్లీ మొలుస్తుందని వాళ్ల ఫిర్యాదు. యుద్ధం ఫోన్లలోకి వచ్చాక ఆ కాస్త వేగమూ పోయింది.

మొదట్లో అందరూ చూశారు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూలిన మేడలు చూసి అయ్యో అనేవారు. కళ్లు తుడుచుకునేలోగా తర్వాతి వీడియోలో పిల్లి గంతులు వచ్చేవి. ఆ తడి కళ్లతోనే నవ్వేవారు. కొన్ని నెలలకు అయ్యోలు అయిపోయాయి. నత్త ఒక్కడే మిగిలాడు, అదీ యుద్ధం కోసం కాదు. అక్కడ ఒక బార్బరు ఉన్నాడు. దుకాణం కూలిపోతే కుర్చీ వీధిలో వేసి, రోజూ పొద్దున్నే గడ్డాలు గీస్తూ వీడియో పెడతాడు. వీడియో కింద జనం ఏడుపు బొమ్మలు పెట్టేవారు, దండాలు పెట్టేవారు. నత్త ఒకే మాట రాసేవాడు: "కత్తి వాల్చి పట్టు, బామ్మర్దీ. అలా నిలబెడితే చర్మం లేస్తుంది." అవతలివాడికి ఏం అర్థమయ్యేదో గానీ, ఎర్ర గుండె ఒకటి పంపేవాడు. నిన్న మాత్రం వాల్చి పట్టాడు. నత్త ఆ వీడియోను వీధంతా తిప్పి చూపించాడు.

ఇవాళ వీడియో రాలేదు.

"బాబాయ్, ఇలా సగం మొహంతో పొమ్మంటావా? ఒక్క లారీకి ఇద్దరు డ్రైవర్లనుకుంటారు."

"ఉండరా. ఈపాటికి పెట్టేసేవాడు."

"నిద్ర లేవలేదేమో."

"వాడా? నెత్తిన బాంబులు పడుతుంటే సబ్బు కలిపే మనిషి!"

నత్త భార్య క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "మా తమ్ముడు కనిపించాడా?"

"లేదే."

"మా అమ్మకు తెలీకుండా నాకో తమ్ముణ్ణి తెచ్చారు. ఇప్పుడు వాడికోసం తిండి మానేస్తారా?" అంది గానీ, వెళ్లలేదు. ఆమె కూడా ఫోన్ వైపే చూస్తూ నిలబడింది.

కుడి చెంపకు మళ్లీ నురగ పట్టిస్తుండగా ఫోన్ టింగుమంది. వీడియో పెట్టింది వేరెవరో. మాటలు లేవు. కింద బార్బరు పేరు, పక్కన చావు కబురుకు పెట్టే నల్ల రిబ్బను బొమ్మ.

సబ్బు వేలు తగిలి తెర జారింది. పిల్లి వచ్చి గంతులేసింది. బెంచీ మీద ఎవరో పకపకా నవ్వారు. నత్త వేలు చొక్కాకు తుడుచుకుని, వీడియోను వెనక్కి లాగాడు. మళ్లీ జారిపోకుండా బొటనవేలితో తెరను అదిమి పట్టాడు. వీడియో ఆగింది.

డ్రైవరు తువ్వాలు అందుకుని తనే మొహం తుడుచుకోబోయాడు. అద్దంలో నత్త మొహం చూసి, తువ్వాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిదానంగానే కానివ్వు, బాబాయ్."

తెర మీద, వేలి పక్కన ఖాళీ కుర్చీ. దాని దగ్గర ఇటుకల మీద ఒక మగ్గు, మగ్గులో బ్రష్షు. బ్రష్షు మీద నురగ ఇంకా కుంగలేదు.