ఇద్దరికి ఒక నిద్ర

ఇస్నాపూర్‌లో కౌసల్యమ్మ గది కిరాయికి ఇచ్చేటప్పుడు అన్నీ ముందే చెప్పేస్తుంది. బాయిలో నీళ్లు పొద్దున, సాయంత్రమే తోడుకోవాలి. గోడకు మేకులు కొట్టకూడదు. గదిలో ఒక నులక మంచం ఉంది, మంచం మీద ఒక నిద్ర ఉంది. ఇద్దరుంటే ఇద్దరూ, నలుగురుంటే నలుగురూ దాంతోనే సర్దుకోవాలి. చుట్టాలొచ్చారనో, పిల్ల పుట్టిందనో ఇంకొకటి అడిగితే ఆమె దగ్గర లేదు.

డెబ్బై అయిదో డెబ్బై ఆరో, పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం. గది దొరకడమే గగనంగా ఉంటే, నిద్ర ఒక్కటే ఉందని వంక పెట్టేదెవరు? లీలమ్మ, బర్నబా ట్రంకుపెట్టె తెచ్చుకుని దిగిపోయారు.

మొదట్లో ఆ ఒక్కటీ హాయిగా సరిపోయింది. బర్నబా డబ్బాల ఫ్యాక్టరీలో పర్మినెంటు మనిషి. రేకును మూతలుగా కోసే ప్రెస్సు మీద అతని పని. రేకు లోపల పెట్టి చెయ్యి తీసేలోగా పైనుంచి దిమ్మ పడుతుంది. అతనిది రాత్రి షిఫ్టు. లీలమ్మ అక్కడే బదిలీ కూలి. అంటే రోజూ గేటు ముందు నిలబడాలి. లోపల ఎవరైనా రాకపోతే సూపర్‌వైజరు బయటికొచ్చి పేరు పిలుస్తాడు. పిలిస్తే పని, పిలవకపోతే ఇల్లు. ఆమెను ఎక్కువగా పొద్దటి పూటకే పిలిచేవాళ్లు.

తెల్లవారగానే లీలమ్మ నిద్ర చెదరకుండా మెల్లగా లేచి వెళ్లేది. బర్నబా వచ్చి ఆ గోరువెచ్చటి నిద్రలోకే దూరేవాడు. ఆమెకు సగంలో ఆగిన కల అతనికి సాగేది.

"మీ అవ్వ ఇయ్యాల నాకు జొన్నరొట్టె పెట్టింది," అనేవాడు సాయంత్రం.

"నేను అడిగితె పెట్టనేలేదు. అల్లుడంటే అంత ప్రేమ," అని లీలమ్మ మూతి ముడుచుకునేది. కొండాపూర్‌లో వాళ్లమ్మ చనిపోయి చాలా కాలమైంది.

ఇంత సజావుగా సాగుతున్న కాపురాన్ని తన నోటితోనే చెడగొట్టుకున్నానని ఆమె తర్వాత చాలాసార్లు ఏడ్చింది. నన్నడిగితే తప్పు ఆమెది కాదు. సూపర్‌వైజరు కృపానందం వాళ్ల చర్చి మనిషే. ఆదివారం అందరికంటే ముందు బెంచీలో కూర్చుని, అందరికంటే గట్టిగా పాడతాడు. అదే ఆదివారం మిషన్లు కడిగే పనికి మాత్రం వారం వారం లీలమ్మ పేరే పిలిపిస్తాడు. ఒక ఆదివారం కరెంటు పోయి ఫ్యాక్టరీ మూతపడితే, ఆమె చాలా రోజులకు చర్చికి వెళ్లింది. ఆరాధన అయ్యాక పాస్టరుగారి ఎదుటే అడిగేసింది.

"సార్, ఆదివారం ఒక్కనాడు నన్ను పిలవకుంటె కాదా? మీరైతె ప్రతి ఆదివారం గుడిలనే ఉంటరు గద."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాపుకున్నారు. కృపానందం కూడా నవ్వాడు. "అయ్యో, నాకు తెల్వదు లీలమ్మా. రేపటి నుంచి మీ ఇద్దరి సంగతి నేను చూసుకుంట," అన్నాడు.

చూసుకున్నాడు. బర్నబాను రాత్రి షిఫ్టు నుంచి తీసి, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఓవర్‌టైము వేశాడు. లీలమ్మను ఆరింటికి గేటు దగ్గర నిలబెట్టి, పేరు పిలవకుండా "రెండింటికి రా" అనేవాడు. మధ్యలో ఇంటికి పోయి రావడానికి బస్సు ఛార్జీ దండగని ఆమె గేటు పక్కనే కూలబడేది. రెండింటికి పిలిస్తే పది దాకా పని. ఇద్దరూ ఒకేసారి ఇల్లు చేరడం, ఒకేసారి బయలుదేరడం. పగలంతా ఖాళీగా పడి ఉన్న నిద్రను ఆ మిగిలిన కాసేపట్లో ఇద్దరూ చెరిసగం చేసుకోవాలి.

"నువ్వు పండుకో. నాకు బస్సుల కునుకు పట్టింది," అనేవాడు బర్నబా.

"బస్సుల యాడిది నిద్ర? అబద్ధాలు సాలుగని పండుకో," అని ఆమె అతన్ని మంచం మీదికి తోసి గోడకు ఆనుకుని కూర్చునేది. సగం కాకుండానే అతను లేచి ఆమెను పడుకోబెట్టేవాడు. ఇద్దరి కళ్లూ పండు మిరపకాయల్లా అయ్యాయి. ఒకరోజు అతని అంగీ చెయ్యి మోచేతి దాకా చిరిగి ఉంది.

"రేకు గీసుకున్నది, అంతే," అన్నాడు.

అది రేకు పని కాదని ఆమెకు తెలుసు. దిమ్మ కొంచెంలో తప్పింది. మర్నాడే వెళ్లి కృపానందం ముందు చేతులు జోడించింది.

"సార్, నన్ను బంద్ చెయ్యుండ్రి, ఏమన్న చెయ్యుండ్రి. ఆయనను పాత షిఫ్టుకే ఎయ్యుండ్రి. మా ఇంట్ల నిద్ర ఒక్కటే ఉన్నది."

"అందరిండ్లల్ల ఎన్నున్నయి? ఓవర్‌టైము కోసం మంది కాళ్లు పట్టుకుంటున్నరు. మీకు కూసుండబెట్టి ఇస్తె బరువైతుందా? ఇష్టం లేకుంటె గేటు బయట మస్తుమంది ఉన్నరు. నీ మొగని జాగకు గూడ ఉన్నరు."

ఆ తర్వాతి వారం ఒకనాడు ఆరింటికి ఆమెను మళ్లీ పిలవలేదు. ఎప్పటిలా గేటు పక్కన కూలబడకుండా లీలమ్మ బస్సెక్కి ఇంటికి వెళ్లింది. మంచం మీది నిద్రను దుప్పట్లో జాగ్రత్తగా చుట్టుకుని మళ్లీ బస్సెక్కింది. అన్నం వేళకు బర్నబా ఏ గోడ నీడనైనా నడుము వాలిస్తే చాలనుకుంది. పక్క సీటు ముసలాయన ఆమె భుజం మీదికి జోగుతుంటే మూటను ఇటువైపుకు మార్చుకుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ కొమురయ్య దుప్పటి అంచు ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు.

"బీడీలు, అగ్గిపెట్టె, నిద్ర... మూడూ లోపలికి పోనియ్యద్దని ఆర్డరు బిడ్డా."

"జెరసేపే అన్నా. నీ కాళ్లు మొక్కుత."

కొమురయ్య మంచివాడే. ఏం చేయాలో తోచక మూటను కృపానందం గదికి తీసుకెళ్లాడు. "ఈడ పెట్టు, బర్నబాకు నేనిస్త," అన్నాడట ఆయన. నిజంగానే ఇద్దామనుకున్నాడేమో, ఎవరు చెప్పొచ్చారు? మూటను కుర్చీలో పెట్టించుకుని, కాసేపటికి దాని మీదే కూర్చున్నాడు.

అన్నానికి మిషన్లు ఆపాలంటే ఆయన విజిలు ఊదాలి. ఊదలేదు. రెండింటికి బయటికొచ్చి పేర్లు పిలవాలి. రాలేదు. లోపల మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. కొమురయ్య వెళ్లి తలుపు సందులోంచి చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చాడు.

"సార్ పండుకున్నడు."

"లేపన్నా! అది నా నిద్ర, నేను లేపుత. నన్ను లోపలికి పోనియ్యి!"

"పేరు పిలవంది ఎట్ల పోనిస్త బిడ్డా? నా నౌకరి పోతది."

లీలమ్మ గేటు చువ్వలు పట్టుకుని బర్నబా పేరు అరిచింది. లోపలి మోతలో అది ఎవరికీ వినబడలేదు. ఆ మోతలోంచి ఒక చప్పుడు ఆగిపోయింది. అది ఏ మిషనో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

బర్నబా కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. సంగారెడ్డి దవాఖానలో కట్టు కట్టారు. పనివాడు మిషను మీద నిద్రపోయాడని ఫ్యాక్టరీ వాళ్లు రాసుకున్నారు. ఆ మధ్యాహ్నం అక్కడ నిద్రపోయింది ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. కొమురయ్య తెచ్చిచ్చిన దుప్పట్లో నిద్ర ఉన్నదిగానీ, కృపానందం తలనూనె వాసన కొడుతోంది.

మొగుడి చోటు పెళ్లానికివ్వడం అక్కడి పద్ధతి. లీలమ్మను పర్మినెంటు చేశారు. పొద్దటి షిఫ్టు, ఆదివారం సెలవు. "నువ్వడిగిందే ఇప్పించిన," అన్నాడు కృపానందం. చోటంటే బర్నబా చోటే, ఆ ప్రెస్సే.

మొదటిరోజు పని ముగించుకుని ఆమె సాయంత్రానికల్లా ఇల్లు చేరింది. పగలంతా మంచం అతనిదే, ఇక ఆ నిద్ర ఇద్దరికీ చాలు. కానీ పొద్దున ఆమె వదిలి వెళ్లిన నిద్ర మంచం మీద అలాగే ఉంది, ముట్టుకున్న గుర్తు లేదు. బర్నబా కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పండుకోలేదా?"

"నాకెందుకిగ? నేనేం మిషను నడపాల్నా?" అన్నాడు. "నువ్వు రేపు దాని ముందర నిలవడాలె. సగం కాదు, మొత్తం నువ్వే పండుకో."

లీలమ్మకు గుండె పగిలేంత ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆ కాసేపు కూడా వృథా అవుతుందని మంచం మీద వాలింది. అతను ఎడమచేత్తో దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి, మళ్లీ గడపలో కూర్చున్నాడు.