ముప్పై ఎనిమిదో బొమ్మ

ప్రపంచ క్రీడల్లో ముప్పై ఎనిమిది ఆటలు, ఆటకో గుర్తు. ఏ భాషవాడైనా స్టేడియం గోడ చూసి ఇది ఈత, ఇది కుస్తీ అని పోల్చుకోవాలి. తలకు ఒక సున్నా, కాళ్ళూ చేతులకు నాలుగు కడ్డీలు. ముఖం మాత్రం ఉండకూడదు. ఆఫీసంతా ‘స్కేలు’ అని పిలిచే డిజైనరు ముప్పై ఏడింటిని గీసి గట్టెక్కించాడు. బాక్సింగ్ దగ్గరికొచ్చేసరికి అతని చేతిగీత అడ్డం తిరిగింది.

"వీడు కొడుతున్నాడా, ఈగలు తోలుతున్నాడా?" అంది డైరెక్టరమ్మ, నాలుగోసారి తిప్పికొడుతూ. "దెబ్బ కనబడాలయ్యా! రేపు సాయంత్రానికి తే."

దెబ్బ కోసం దేశాలు తిరగనక్కర్లేదు. అక్క మొగుడు పాత బాక్సరు. ఒకప్పుడు మెడలో మెడల్ ఉండేది. ఇప్పుడు మెడ ఒక్కటే మిగిలింది, అదీ దున్నపోతు కుళ్ళుకునేంత. మేడ కింది గదిలో నలుగురికీ పంచులు పంచిపెడుతూ బతుకుతున్నాడు. మర్నాడు పొద్దున్నే స్కేలు కెమెరాతో దిగాడు.

"రావోయ్ బావమరిదీ! నన్ను గోడెక్కిస్తావటగా?"

"ప్రపంచమంతా చూస్తుంది బావా. కాకపోతే ముఖం ఉండదు."

"లేకపోతేనేం? నా చెయ్యి చూస్తే చాలు, ఎవరైనా పోల్చుకుంటారు!"

వేలాడే ఇసక సంచిని బావ కుమ్మాడు. వెనక ఆరడుగుల దూరంలో అక్క తువ్వాలు పట్టుకుని నిలబడింది. కెమెరా టకటకా నలభై ఫోటోలు లాగేసింది.

ఆఫీసుకొచ్చి స్కేలు మొదలెట్టే పని ఎప్పుడూ ఒకటే: బొమ్మ వెనకున్నదంతా చెరిపేయడం. కిటికీ చెరిపాడు, గోడ చెరిపాడు. అక్క దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

మొదటి ఫోటోలో బావ పిడికిలి ఇంకా నడుం దగ్గరే ఉంది. భుజం మాత్రం వెనక్కి తిరిగింది. అప్పటికే అక్క తువ్వాలు జారవిడిచి, రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆయన కొట్టబోయేది సంచిని. ఆమె కాచుకుంటున్నది తనను. నలభై ఫోటోల్లో ఏడు గుద్దులు. ఏడింటికీ అదే వరస: ముందు ఆయన భుజం, వెంటనే ఆమె మోచేతులు, ఆ తర్వాతే పిడికిలి.

మండుటెండల్లో ఈ పొడుగు చేతుల చొక్కాలేంటక్కా అంటే, "దోమలురా" అనేది. ఆ దోమ తొంభై కిలోలు తూగుతుందని స్కేలుకు అప్పుడు తెలిసింది. ఫోటోలన్నీ అచ్చు తీసి, చంకలో పెట్టుకుని మేడ కింది గదికి, అక్క దగ్గరికి పరుగెత్తాడు.

"అక్కా, చొక్కా చేతులు పైకి లాగు."

"ఇప్పుడెందుకురా..."

అతనే లాగాడు. మణికట్టు నుంచి మోచేయి దాకా పచ్చన, నీలం, ఊదా. పదిహేనేళ్ళుగా రంగులతో కాపురం చేస్తున్నవాడికి కళ్ళు తిరిగాయి.

"ఏరా స్కేలూ, మా ఆవిడ కొలతలు తీస్తున్నావా?" బావ తలుపు గడియ పెట్టాడు.

జన్మలో గీత దాటని స్కేలు ముందుగా చెయ్యి విసిరాడు. అది బావ చెంపను పలకరించి వచ్చింది, అంతే. బావ పలకరింపులు వేరు. మొదటి గుద్దు డొక్కలో దిగింది. బయటికి పోయిన ఊపిరి లోపలికి దారి మరిచిపోయింది. రెండోది మూతి మీద. పన్ను విరిగి నాలుక మీద గులకరాయిలా దొర్లింది. గోడకు గుద్దుకుని జారుతుంటే మూడోది కనుబొమ చీల్చింది. పడ్డాక ఇక కాళ్ళ వంతు.

"ముఖం ఉండదన్నావుగా! ఉండదు! ఉండనివ్వను!" మాటకో తన్ను.

అక్క బరువులెత్తే ఇనప కడ్డీ అందుకుంది.

"ఏవండీ," అంది.

ఆయన తిరిగాడు. భుజం కదిలింది. ఆమె మోచేతులు ఈసారి ముఖానికి రాలేదు. కడ్డీతో సహా కిందికి దిగాయి. ఆయన మణికట్టు ఎండుకొమ్మలా పటుక్కుమంది. రెండో దెబ్బకు మోకాలు లొంగింది. బావ నేల మీద పొర్లుతూ అరుస్తుంటే, ఆమె మూడోసారి ఎత్తింది, తలకు గురిపెట్టి.

"వద్దక్కా," అన్నాడు స్కేలు, రక్తం ఉమ్ముతూ.

ఆమె కడ్డీని ఆయన చెవి పక్కన నేలకేసి బాదింది. గచ్చు పగిలి పెచ్చులు లేచాయి.

"లేరా తమ్ముడూ. ఆ ఫోటోలు తియ్యి."

స్కేలు కనుబొమకు కుట్లు వేయించి వాళ్ళు పోలీసు స్టేషనుకు చేరేసరికి బావ ఫిర్యాదు ఆసుపత్రి నుంచి ఫోన్లో ముందే చేరింది: పెళ్ళాం, బావమరిది కలిసి చావగొట్టారని.

"చెయ్యి విరిగింది, మోకాలు చిట్లింది," అన్నాడు అధికారి. "మీరే కొట్టారా?"

"నేనే కొట్టాను." అక్క ఫోటోలు బల్ల మీద పరిచింది.

అధికారి మొదటిది చూశాడు. "ఇందులో ఆయన కొట్టేది సంచిని కదమ్మా? మిమ్మల్ని ముట్టుకోనైనా లేదే!"

"లేదండీ. ముట్టుకోకముందే నా చేతులు ఎక్కడున్నాయో చూడండి. ఇప్పుడు పక్కది."

పక్కది చూశాడు. ఆపైది తనే తీసుకున్నాడు. ఏడో గుద్దు దాకా వచ్చి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అక్క అడక్కుండానే చొక్కా చేతుల గుండీలు విప్పింది.

"కూర్చోండి," అన్నాడు. "మొదటినుంచి చెప్పండి."

"మొదటినుంచి అంటే తొమ్మిదేళ్ళండీ."

అధికారి సొరుగులోంచి ఇంకాసిని కాగితాలు తీశాడు.