రేటు దిగేదాకా

పళ్ళ బజారులో మా నాన్నకి ఆఖరిబేరం అని పేరు. పొద్దున్నే సరుకు దిగేటప్పుడు అందరూ ఎగబడి కొంటుంటే ఆయన గోడకి ఆనుకుని చూస్తూ నిలబడతాడు. ఎండ ఎక్కి, పండు మెత్తబడి, లారీవాడికి ఇంటిమీద ధ్యాస మళ్ళాక అప్పుడు కదిలి సగం ధరకి అడుగుతాడు. ఇస్తారు. ఇవ్వక చస్తారా, వెనక్కి మోసుకుపోతే డీజిలు దండగ. ఆ పద్ధతి మీదే మా దుకాణం నిలబడింది, నేనూ తమ్ముడూ పెరిగాం. ఆయనకి తెలిసిన శాస్త్రం అదొక్కటే. దాన్ని తీసుకెళ్ళి ఓడ టికెట్టు మీద ప్రయోగించాడు.

తమ్ముడు ఇల్లు విడిచి నాలుగేళ్ళయింది. దెబ్బలాట పెద్దదేం కాదు. దుకాణంలో నాతో సమానంగా చాకిరీ చేసేవాడు. ఒకరోజు, నెలకి ఇంత ఇవ్వు నాన్నా అని నోరు తెరిచి అడిగాడు. నాన్న నవ్వి అందులో సగం చెప్పాడు. కన్నకొడుకుతో బేరం. మర్నాడు వాడు సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది, ఆపడానికి నేనొక్కదాన్నే మిగిలాను. "నా మీద కూడా బేరమేనా అక్కా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ నంబరు కూడా మార్చేశాడు.

ఈ ఏడు ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒకాయన దుకాణానికి వచ్చి యాపిల్స్ తూయించుకుంటూ, మీవాడూ నేనూ ఒకే ఓడలో లాండ్రీలో పనిచేశాం అన్నాడు. తూకం రాయి నా చేతిలోంచి జారింది. అది షికారు ఓడ. మా రేవు నుంచే వారం వారం బయల్దేరి నాలుగు ఊళ్ళు తిప్పి తీసుకొస్తుంది. "ఈ సీజనంతా అందులోనే ఉంటాడు. ఆ తర్వాత ఓడ వేరే సముద్రానికి పోతుంది, ఇక పట్టుకోలేరు. నేను చెప్పానని మాత్రం వాడితో అనకండి" అన్నాడాయన. నాన్న ఆ యాపిల్స్‌కి డబ్బులు తీసుకోలేదు. అలా జరగడం నేను మొదటిసారి చూశాను.

ఆ వారమే ఇద్దరం రేవుకి పరిగెత్తాం. గేటు దగ్గర కాపలావాడు అడ్డం పడ్డాడు. ఓడ ఒడ్డున ఉన్న రోజునే లాండ్రీలో పని ఎక్కువట, వేలాది దుప్పట్లు ఉతికి ఆరేసరికి మళ్ళీ బయల్దేరడమేనట, ఎవర్నీ దిగనివ్వరట. కనీసం కబురైనా పంపించు బాబూ అని బతిమాలాను. "టికెట్టు కొనుక్కుని మీరే ఎక్కి చెప్పుకోండి" అన్నాడు. వెటకారంగానే అన్నాడు గానీ, మాకు మిగిలిన దారి అదే.

టికెట్ల ఆఫీసులో అమ్మాయి ధర చెప్పగానే నాన్న లేచి గుమ్మం వైపు నడిచాడు. బజారులో అలా నడిస్తే వెనక్కి పిలుస్తారు. ఆ అమ్మాయి పిలవలేదు. ఆయన గుమ్మంలో ఆగి, చెప్పులు సరిచేసుకుంటున్నట్టు కాసేపు వంగి నిలబడ్డాడు. నాకు తల తీసేసినట్టయింది.

"తేదీ దగ్గరపడ్డాక గదులు మిగిలితే ఒక్కోసారి తగ్గిస్తారండీ" అంది ఆ అమ్మాయి జాలిపడి. "ఒక్కోసారి పెరుగుతుంది కూడా."

రెండో మాట నాన్న చెవిన పడలేదు. "విన్నావుగా. ఓడ కదిలిందంటే ఖాళీ గది కుళ్ళిన పండుతో సమానం. వాళ్ళే కాళ్ళ దగ్గరికి వస్తారు" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ దుకాణం కట్టేశాక ఫోన్ తెరిచి నేను ధర చదవడం, ఆయన తల అడ్డంగా ఊపడం. ఈ ధరకి కొద్ది గదులే మిగిలాయని ఎర్ర అక్షరాలు కనిపించేవి. నేను కంగారుపడేదాన్ని. "అది నేనూ రాయగలను బుట్ట మీద" అనేవాడు.

"ఇవాళ దిగింది నాన్నా. కొనేద్దాం."

"దిగిందంటే ఇంకా దిగుతుందన్నమాట."

మర్నాడు అమాంతం పెరిగేది.

"చూశావా? నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను."

"అంత ఎత్తుకి ఎక్కింది దిగక ఎక్కడికి పోతుందే."

ఇంకేం చెప్పాలి ఆ మనిషికి? ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒక్కో వారం ఓడ వచ్చేది, వెళ్ళేది. బయల్దేరేటప్పుడు దాని కూత మా బజారు దాకా వినిపించేది. ఉతికిన దుప్పట్ల మధ్య ఎక్కడో వాడున్నాడు, మేమిక్కడ ద్రాక్షలో కుళ్ళినవి ఏరుకుంటున్నాం.

ఒకరోజు ఉండబట్టలేక కడిగేశాను. "నీకు వాణ్ణి చూడాలని లేదు. రేటు ఒక సాకు. ఆ మాటే చెప్పు."

ఆయన బత్తాయిలు పేరుస్తూనే, "టికెట్టు మీద మిగిలింది వాడి చేతిలో పెడదామని చూస్తున్నానే. ఓడవాడికి పొయ్యడం దేనికి, వాడికిస్తే అక్కరకొస్తుంది" అన్నాడు. ముసలాయన మీద కోపమూ జాలీ ఒక్కసారే పొంగుకొచ్చాయి. అక్కడితో ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు, ఇంకో రెండు మాటలు అన్నాను.

"అంత తొందరైతే నీ దగ్గర దాచుకున్నది ఉందిగా, నువ్వెళ్ళి చూసిరా" అన్నాడు.

"నేనెందుకు పెట్టాలి? తరిమింది నువ్వు. నువ్వే పెట్టాలి, నువ్వే ఎక్కాలి" అన్నాను. అందులో న్యాయం ఉందా లేదా మీరే చెప్పండి.

చివరి ప్రయాణం వచ్చింది. ఆ రోజుల్లో సముద్రం బాగుండదని జనం ఎక్కరట. ధర ఢామ్మని పడింది. నాన్న మొహం చూడాలి, పెళ్ళివారింట్లో పెద్దమనిషిలా వెలిగిపోయింది. "చెప్పానా" అన్నాడు. అని, టక్కున ఏడ్చేశాడు. కొత్త చొక్కా కొనుక్కున్నాడు, దానికి బేరం ఆడలేదు.

మాకు దొరికింది కిటికీ లేని గది. రెండు మంచాలు, గోడకి బిగించిన బల్ల, కిందనుంచి ఇంజను రొద. సామాను కూడా విప్పకుండా గదులు సర్దే కుర్రదాన్ని పట్టుకున్నాను. లాండ్రీలోకి ప్రయాణికుల్ని పోనివ్వరంది. తమ్ముడి ఆనవాళ్ళు చెప్పి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఓడ కదిలాక కాసేపటికి తలుపు చప్పుడైంది. నాన్న గబగబా లేచి చొక్కా సర్దుకున్నాడు. తలుపు నేను తీశాను. చెమటతో తడిసిపోయిన ఒక నడివయసు మనిషి. ఇస్త్రీ మిషను దగ్గర పనట.

"మీరేనా వాళ్ళు? ఇప్పుడా వచ్చేది?" అన్నాడు. "వాడు పోయిన ట్రిప్పుకే దిగిపోయాడమ్మా."

నాన్న మంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంటికి కబురు పంపించాను, ఎవరో ఒకళ్ళు వస్తారు అనేవాడు. మాతో పనిచేసినాయన్ని మీ దుకాణానికి పంపింది వాడే. వారం వారం జనం ఎక్కే వేళకి పని వదిలేసి పైకొచ్చి మెట్ల దగ్గర నిలబడేవాడు. సూపర్‌వైజరు తిట్టేవాడు, మేం ఆటపట్టించేవాళ్ళం, నీ చుట్టాలు ఈదుకుంటూ వస్తున్నారా అని. పోయిన వారం మెట్లు తీసేసేదాకా ఉండి, సర్లే అర్థమైంది అన్నాడు. వేరే ఓడలో పని చూసుకున్నాడు, ఎందులోనో మాకు చెప్పలేదు."

ఇస్త్రీ ఆయన ఫోన్ తీశాడు. "దిగాక కూడా నాకు మెసేజీ పెట్టాడు. మీరొచ్చారని చెప్తాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటాడు. ఏం చెప్పమంటారు?"

నా బుర్రలో అబద్ధాలు పరిగెత్తాయి. నాన్నకి జబ్బు చేసిందని చెప్పొచ్చు, దుకాణం కాలిపోయిందని చెప్పొచ్చు. ఏదో ఒకటి అనబోతున్నాను.

"రేటు దిగలేదని చెప్పు బాబూ" అన్నాడు నాన్న.

"నాన్నా, వద్దు. ఆ మాట వద్దు."

"వేరే ఏం చెప్పినా వాడు నమ్మడే. వాడికి నేను తెలుసు." ఇస్త్రీ ఆయన వైపు తిరిగాడు. "తప్పు నాదేనని కూడా చెప్పు. వస్తే ఏమడిగినా ఇస్తానన్నానని చెప్పు."

ఆయన నిలబడే టైపు చేసి పంపించాడు. ముగ్గురం ఆ ఫోన్ వైపే చూస్తూ ఉన్నాం. గది మెల్లగా ఊగుతోంది. ఒడ్డు ఇంకా దగ్గరే ఉందేమో, జవాబు వచ్చింది. ఇస్త్రీ ఆయన ముందు తనలో తను చదువుకుని, తర్వాత నా మొహంలోకి చూశాడు.

"నాన్న సంగతి నాకు తెలుసు, ఆయన కోసం నేను నిలబడలేదు అంటున్నాడమ్మా. అక్క ఎందుకు రాలేదని అడుగుతున్నాడు."

నాన్న తల దించుకున్నాడు. నేను దాచుకున్న డబ్బు ఊసు ఎత్తలేదు. ఇస్త్రీ ఆయన బొటనవేలు ఫోన్ మీద పెట్టుకుని నా కోసం ఎదురుచూస్తున్నాడు. బజారంతటికీ తెలిసిన నోరు నాది. అది పెగల్లేదు.